సీసాలో ఎన్ని మిగిలాయి?

హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ‘ఎలా ఉన్నారు?’ అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ‘బాగానే ఉన్నాను సార్.’ అందుకే ముందు సీసా చూపించమంటాం. 30 మాత్రలు ఇచ్చి 28 రోజులైతే రెండే మిగలాలి. ఆరు మిగిలితే నాలుగు రోజులు మందు పడలేదన్నమాట. పూర్తిగా ఖాళీ సీసా తెచ్చేవారి మీద నాకు ఇంకా అనుమానం. లెక్క అడుగుతారని తెలిసి దారిలో పారబోసి వస్తారు! కొన్ని సీసాలకు లేబుల్ గీకేసి ఉంటుంది. కొన్నిట్లో బస్సులో గలగలమనకుండా దూది కుక్కి ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదని దాన్నిబట్టే అర్థమవుతుంది.

మన దేశంలో ప్రభుత్వం ఈ మందుల్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అప్పట్లో స్టావుడిన్ వాడేవారికి అరికాళ్లు మండేవి, బుగ్గలు లోపలికి పోయేవి. మొహం చూసి ఊళ్లో పసిగడతారని మానేసేవారు. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపిన మాత్ర రోజుకు ఒకటి చాలు. బాధలూ బాగా తగ్గాయి. అయినా మానేస్తున్నారు. ఎందుకని?

ఒకప్పుడు ఒంట్లో రోగాన్ని అడ్డుకునే సీడీ4 కణాలు 200 లోపుకు పడితేగానీ మందు మొదలుపెట్టేవాళ్లం కాదు. మంచాన పడి లేచినవాళ్లు కాబట్టి మాత్ర విలువ వాళ్లకు తెలుసు. 2017 నుంచి పరీక్షలో పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4తో పనిలేకుండా మందు ఇస్తున్నాం. అది ముమ్మాటికీ మంచి నిర్ణయమే. కానీ జబ్బుపడకుండానే మందు మొదలుపెట్టినవారికి, మానేస్తే ఏమవుతుందో అనుభవంలో లేదు. మానేసిన కొన్ని వారాలకే వైరస్ మళ్లీ లేస్తుంది, మనిషి మాత్రం నెలల తరబడి హాయిగానే ఉంటాడు. నన్నడిగితే, బాగున్నవారినే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి.

మందుకు రాకపోతే ఫోన్ చేస్తాం. ఇంట్లో వేరేవాళ్లు ఎత్తితే ఆస్పత్రి మాట ఎత్తకూడదు, ‘మళ్లీ చేస్తానమ్మా’ అని పెట్టేయాలి. అనుమతి లేకుండా జబ్బు సంగతి బయటపెట్టడానికి 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమూ ఒప్పుకోదు. మనిషి దొరికితే చాలాసార్లు వినిపించే మాట: ‘గుంటూరు వైపు మిరపకాయ కోతలకొచ్చాం సార్.’ అక్కడి సెంటర్‌లోనూ మందు ఇస్తారని చెబుతాం. కొత్త చోట, కొత్త లైనులో నిలబడాలంటే బెరుకు.

రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేందుకు ఏడాదికోసారి చేసే వైరల్ లోడ్ పరీక్షలో వెయ్యి దాటితే వెంటనే మందు మార్చేయం. మూడు నెలలు దగ్గర కూర్చోబెట్టి మాట్లాడి, మళ్లీ పరీక్ష చేస్తాం. ఆ మూడు నెలల్లో చేయకూడని పని తిట్టడం. తిట్లు తిన్నవారు మందు సంగతి ఎలా ఉన్నా, పై నెల అబద్ధం మాత్రం చక్కగా చెబుతారు.

మధ్యలో మానేసినవారెవరైనా ఇది చదువుతుంటే, మాత్రలు మిగిలిన ఆ సీసాతోనే రండి. రావడానికి మొహమాటమైతే ముందు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. ఆ కాల్‌కు డబ్బు పడదు.