ఘటోత్కచుని నడక

కీర్తిశేషులు ఎస్.వి. రంగారావు (1918–1974) గారి నటనను గూర్చి తెలుగువారు ముచ్చటించుకొనేటప్పుడు మొదట కంఠాన్ని, పిదప విగ్రహాన్ని పొగడడం పరిపాటి. ఆ రెండూ ప్రకృతి ఇచ్చినవి. ప్రకృతి ఇచ్చినదానిని మెచ్చుకొని ఊరకుంటే నటునికి దక్కవలసిన గౌరవం దక్కదు.

ఇటీవల ఢిల్లీలో ఒక మిత్రుని ఇంట నలుగురం కూడి, రెండు ఆదివారాలు ఆయన చిత్రాలను తిరిగి చూచాము. ‘పాతాళభైరవి’ (1951) ముగియగానే వాదం పుట్టింది. నేపాళ మాంత్రికుని ఖ్యాతి అంతా పింగళి నాగేంద్రరావు గారి సంభాషణలదేనని ఒకరన్నారు. ఆ మాటలే మరొకరి నోట పడితే ఇన్నేళ్లు నిలిచేవి కావని వేరొకరు. రచయితలం కనుక మాలో ఎక్కువమందిమి మొదటి పక్షమే వహించాము. స్వజాత్యభిమానం మానడం ఎవరి తరం?

‘మాయాబజార్’ (1957) ఆ తీర్పును తారుమారు చేసింది. శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచునిగా సావిత్రి నటించే ఘట్టాలు వచ్చాయి. మిత్రుని కుమారుడు ఢిల్లీలోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు అంతంతమాత్రం. అంతవరకు మౌనంగా కూర్చున్నవాడు, “ఆమె అచ్చం ఆయనలాగే నడుస్తోంది!” అని ఫక్కున నవ్వాడు.

మేము గంటసేపు వాదించి తేల్చలేనిది ఆ ఒక్కమాటలో తేలింది. ఒక నటుని నడక, మెడ విరుపు, చూపులోని దర్పం ఒక సుకుమారియైన నటి దేహంలో ప్రవేశించి కూడా గుర్తుపట్ట వీలుగా ఉన్నవంటే, అవి స్థూలకాయం వలన కలిగినవి కావు, ఆలోచించి అమర్చుకొన్నవి. సావిత్రి ప్రతిభ ఇందులో సగపాలు. అయినా అనుసరించడానికి ఒక స్పష్టమైన లక్షణమంటూ ఉండాలి గదా!

‘నర్తనశాల’ (1963)లోని కీచక పాత్రకు 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవం ఆయనను ఉత్తమ నటునిగా గౌరవించింది. తెలుగు సమాసాలు వినిపించి అక్కడ గెలవడానికి వీలులేదు. ఇక బి.ఎన్. రెడ్డి గారి ‘బంగారుపాప’ (1955)లో కోటయ్యను చూడండి. పసిపాప చేరదీతతో కరగిపోయే ఆ కఠినుని యందు, జగమెరిగిన ఆ కంఠం చాలవరకు అణగి ఉంటుంది. తనకున్న బలాన్ని వాడకుండా ఉండడం కూడా నటనయే.

దోషాలు లేవని కాదు. ఆయన ధరించిన పౌరాణిక ప్రతినాయకులలో కొందరు ఒకే అచ్చున పోసినట్లుంటారు. ఆ నవ్వు, ఆ హుంకారం మనకు ముందే తెలిసిపోతాయి. అయితే ఆ దోషంలో రచయితలకూ పాలు కలదు. పాత మాటనే మరల మరల చేతికిచ్చి నటుని నుండి కొత్తదనం కోరడం న్యాయం కాదు.

మరొక సంగతి చెప్పక తప్పదు. ఘటోత్కచుని అనుచరుల ‘అసమదీయుల’ ముచ్చటకు మేమందరం నవ్వాము. ఆ కుర్రవాడు నవ్వలేదు. తండ్రి వివరించి చెప్పాడు. వివరించిన హాస్యానికి నవ్వెక్కడిది? నడక అతనికి అందింది, మాట అందలేదు. రంగారావు గారు తన వంతు చేసి వెళ్లారు. నటుడు భాషను ఎంతైనా దాటగలడు గాని, భాషను ఒకరికి నేర్పలేడు. ఆ భారం మనది.

మేము లేవబోతుండగా అతడు ఆ ‘అసమదీయుల’ ఘట్టాన్నే మరొకమారు వేయమన్నాడు. అందరం మళ్లీ కూర్చున్నాము.