సాక్షిని శంకించాడు, తన పరీక్షను నమ్మాడు

డిగ్రీలో ఫోరెన్సిక్ సైకాలజీ చదవాలన్న కోరిక చాలామందికి డిటెక్టివ్ సినిమాల వల్ల పుడుతుంది. హంతకుని మనసును పుస్తకంలా చదివేయవచ్చని వారి ఊహ. అలాంటి విద్యార్థులు ముందుగా చదవదగినది 1908లో వెలువడిన 'ఆన్ ది విట్‌నెస్ స్టాండ్'. రచయిత హార్వర్డ్ ఆచార్యుడు హ్యూగో మ్యూన్‌స్టర్‌బర్గ్.

సాక్షి జ్ఞాపకశక్తి గురించిన వ్యాసం ఈ పుస్తకానికి ప్రాణం. రచయిత ఇంట్లో దొంగలు పడ్డారు. ఆయన కోర్టులో ప్రమాణం చేసి, దొంగలు నేలమాళిగ కిటికీ గుండా వచ్చారన్నారు. నిజానికి వారు తలుపు తాళం పగలగొట్టారు. గడియారాన్ని కాగితంలో చుట్టారన్నారు. అది ఉన్నది బల్లగుడ్డలో. ఆయన అబద్ధమాడలేదు. నిజాయితీ వేరు, కచ్చితత్వం వేరు అని ఇంతకంటే తేటగా ఎలా చెప్పగలం?

తర్వాతి ప్రయోగాలు ఈ మాటను బలపరిచాయి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కార్లు ఢీకొనే ఫిల్ము చూపించి వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో కొందరికి 'తగిలినప్పుడు' అన్నారు, కొందరికి 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అన్నారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశామన్నవారు మొదటి జట్టు 50 మందిలో 7గురు, రెండో జట్టు 50 మందిలో 16 మంది. ఫిల్ములో పగిలిన గాజే లేదు!

అయితే పుస్తకానికి పెద్ద లోపం ఉంది. సాక్షిని అంతగా శంకించిన రచయిత, తన పరీక్షలను మాత్రం శంకించలేదు. న్యాయవాదులు మనస్తత్వశాస్త్రాన్ని పట్టించుకోరని ఆయన నింద. కోర్టులో వాడదగినంత గట్టి ఋజువులు ఏవని న్యాయశాస్త్రవేత్త జాన్ విగ్మోర్ 1909లో ఎద్దేవా చేశాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 1907లో ఐడహో హత్య కేసులో హ్యారీ ఆర్చర్డ్ అనే నేరస్థుణ్ణి పరీక్షించి, అతని వాంగ్మూలం నిజమేనని రచయిత తేల్చారు. అదే వాంగ్మూలం విన్న జ్యూరీ, అతడు వేలెత్తి చూపిన కార్మిక నాయకుడు హేవుడ్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది. తన పరీక్ష నూటికి ఎన్నిసార్లు తప్పుతుందో ఆచార్యుడు ముందుగా లెక్కగట్టలేదు.

ఇది పాత కథ కాదు. నార్కో అనాలిసిస్, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను వ్యక్తి అంగీకారం లేకుండా జరపరాదని మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తీర్పు చెప్పవలసి వచ్చింది.

కనుక కోర్సులో చేరేముందు పాఠ్యప్రణాళిక తిరగేయండి. గణాంకశాస్త్రం, ప్రయోగ పద్ధతులు, జ్ఞాపకశక్తి, సాక్ష్య చట్టం అందులో ఉన్నాయా? లేకపోతే ఆ చదువు మిమ్మల్ని మ్యూన్‌స్టర్‌బర్గ్ ధీమా దగ్గరే ఆపేస్తుంది. ఆ ధీమాకు మూల్యం చెల్లించేది బోనులో నిలబడ్డ మనిషి.