జోలపాట శ్రామిక గేయం కాదా? తెలుగు సాహిత్యంలో శిశు సంరక్షణ: ఒక పరిశీలన

తెలుగు జానపద గేయ పరిశోధనకు 1950లలో ఆచార్య బిరుదురాజు రామరాజు సిద్ధాంత గ్రంథం గట్టి పునాది వేసింది. ఆ తరువాతి అధ్యయనాల్లో స్త్రీల పాటలు, పిల్లల పాటలు, శ్రామిక గేయాలు అనే విభాగాలు సుపరిచితమయ్యాయి. దంపుళ్ళ పాట, విసుర్రాయి పాట, నాట్ల పాట, కలుపు పాట, ఏతం పాట శ్రామిక గేయాల్లో చేరాయి. లాలిపాట, జోలపాట మాత్రం సాధారణంగా స్త్రీల పాటల్లోనో పిల్లల పాటల్లోనో కనిపిస్తాయి. వడ్లు దంచడం పని, బిడ్డను నిద్రపుచ్చడం వాత్సల్యం అనే భావన ఈ వర్గీకరణలో అంతర్లీనంగా ఉంది. పనికి వెళ్ళవలసిన తల్లి తన బిడ్డను ఎవరికి అప్పగించాలి అన్న ప్రశ్న తెలుగు సాహిత్యంలో ఆది నుంచీ ఉన్నా, దానిని వాత్సల్యంగానే చదవడం వల్ల అందులోని శ్రమ విమర్శ దృష్టికి రాలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

జోలపాట నిర్మాణం

శ్రామిక గేయానికి పండితులు చెప్పే ప్రధాన లక్షణం పనికీ పాటకూ ఉండే లయ సంబంధం. రోకలి పోటుకు తగినట్టు దంపుళ్ళ పాట నడుస్తుంది. నాటు వేసే చేతి వేగాన్ని నాట్ల పాట నిలబెడుతుంది. ఈ లక్షణం జోలపాటకు పూర్తిగా వర్తిస్తుంది. ఉయ్యాల ఊపుకు పాట నడక కుదురుతుంది. బిడ్డ కన్ను మూతపడేకొద్దీ గొంతు తగ్గుతుంది, ఊపు నెమ్మదిస్తుంది. బిడ్డ నిద్రపోగానే పాట ఆగుతుంది. వడ్లు దంచడం పూర్తయితే దంపుళ్ళ పాట ఆగినట్టే ఇక్కడ కూడా పాట ముగింపును నిర్ణయించేది పని పూర్తి కావడమే.

వస్తువును బట్టి చూసినా ఇదే తెలుస్తుంది. జోలపాటల్లో బుజ్జగింపు, వాగ్దానం, బెదిరింపు కలిసి ఉంటాయి. తండ్రి ఏదో తెస్తాడని ఆశపెట్టడం, బూచి వస్తాడని భయపెట్టడం ఆ పాటల్లో తరచుగా కనిపించే అంశాలు. బిడ్డ నిద్రపోవడం తల్లికి అవసరం అన్నది ఈ బేరసారాల వల్ల స్పష్టమవుతుంది. పొయ్యి మీద ఎసరు, వాకిట్లో పశువు, పొలంలో కలుపు ఆమె కోసం ఎదురుచూస్తుంటాయి. మేనమామ, అమ్మమ్మ, తాత వంటి బంధువుల ప్రస్తావన కూడా ఈ దృష్టితో గమనించదగినది. అవి బంధుత్వాన్ని నేర్పే మాటలే అయినా, అవసరమైనప్పుడు బిడ్డను ఎత్తుకోగల చేతుల జాబితా కూడా అందులో ఉంది.

రోటికి కట్టిన బిడ్డ

శిష్ట సాహిత్యంలో ఈ ప్రశ్నను అత్యంత సూటిగా చూపిన ఘట్టం భాగవత దశమ స్కంధంలోని ఉలూఖల బంధనం. వ్యాస భాగవతం తొమ్మిదో అధ్యాయం ప్రారంభంలోనే ఒక వివరం ఉంది. ఇంటి దాసీలు వేరే పనుల్లో ఉన్నందున ఆ రోజు యశోద తానే పెరుగు చిలుకుతుంది. చిలుకుతూ తన బిడ్డ చేష్టల మీది పాటలు పాడుకుంటుంది. పనిపాట, బిడ్డపాట అక్కడ ఒకే గొంతులో ఉన్నాయి. తరువాతి సాహిత్య వర్గీకరణ వేరుచేసినవాటిని మూల గ్రంథం వేరుచేయలేదు.

ఆ సమయంలో బిడ్డ పాలకు వస్తాడు. ఆమె చిలకడం ఆపి పాలిస్తుంది. ఇంతలో పొయ్యి మీది పాలు పొంగుతాయి. కడుపు నిండని బిడ్డను దించి ఆమె పరుగెడుతుంది. అలిగిన బిడ్డ కుండ పగలగొడతాడు. చివరికి ఆమె అతణ్ణి రోటికి కట్టివేసి మళ్ళీ ఇంటిపనిలో పడుతుంది. ఆమె పనిలో ఉండగానే బిడ్డ రోలు ఈడ్చుకుంటూ వెళ్ళి రెండు మద్దిచెట్లను కూలుస్తాడు. పెద్దలు ఆ చప్పుడు విని పరుగెత్తుకొస్తారు. జరిగినది చూసి చెప్పగలిగినవారు అక్కడున్న పిల్లలు మాత్రమే. చివరికి నందుడు వచ్చి కట్టు విప్పుతాడు.

పోతన తెలుగులో ఈ ఘట్టానికి ప్రాధాన్యం లభించినది భక్తి వల్ల. యోగులకు అందనివాడు తల్లికి చిక్కాడన్న తాత్పర్యం తిరుగులేనిది. అయితే ఆ తాత్పర్యం నిలబడి ఉన్నది ఒక గృహ వాస్తవం మీద. బిడ్డను చూసే మరో మనిషి ఆ క్షణాన లేకపోవడం, పొంగే పాలు ఆగకపోవడం, చేతికి దొరికిన రోలు కాపలాదారు కావడం ఈ కథకు ఇరుసులు. ధనవంతుడైన నందుని ఇంట్లోనే పనివారు ఒక్క పూట దొరకకపోతే పరిస్థితి ఇలా ఉంది. ఇక కూలి చేసుకునే ఇంటి పరిస్థితి ఊహించవచ్చు.

దీనికి భిన్నమైన చిత్రం అన్నమయ్య ఉయ్యాల సంకీర్తనల్లో కనిపిస్తుంది. అక్కడ బాలకృష్ణుని పసిడి ఉయ్యాలను ఊపేది పడుచుల బృందం. శిశు సంరక్షణ ఒక్క మనిషి మీద పడకుండా నలుగురూ పంచుకున్నప్పుడు అది వేడుక అవుతుంది. యశోద ఒంటరిగా పెరుగు చిలికిన రోజున అదే సంరక్షణ తాడుగా మారింది. వాత్సల్యం రెండుచోట్లా ఉంది. తేడా అందుబాటులో ఉన్న చేతుల సంఖ్యలో ఉంది.

చెట్టుకొమ్మ ఉయ్యాల

తెలుగు పల్లెల్లో నాట్లకు, కోతలకు వెళ్ళే తల్లులు గట్టున చెట్టుకొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టడం తరతరాలుగా ఉన్నదే. ఆ ఉయ్యాలను ఊపేది చాలా సందర్భాల్లో బిడ్డ అక్క. ఆమెకూ ఏడెనిమిదేళ్ళు మించవు. ఉయ్యాల దగ్గర కూర్చున్న ఆ పిల్ల బడికి వెళ్ళలేదు. తల్లి తెచ్చే కూలిలో ఒక భాగం ఆమె చదువును ఖర్చుచేసి సంపాదించినదే. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పనిచేసిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని నిర్వచించింది. ఆ నిర్వచనం ప్రకారం తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్ల చేస్తున్నది కూడా శ్రమే. గేయ వర్గీకరణ ఒప్పుకోనిదాన్ని సామాజిక ఆచరణ ఒప్పుకున్నది.

పాలమూరు నుంచి పట్టణాల నిర్మాణ పనులకు వలసపోయిన కుటుంబాల్లో ఈ కొరత మరింత తీవ్రం. జోలపాట పేర్కొన్న అమ్మమ్మ ఊళ్ళోనే ఉండిపోతుంది. ఇసుక కుప్ప పక్కన బిడ్డకు పాట మిగులుతుంది కాని, ఆ పాటలోని బంధువులు మిగలరు.

చట్టం, లెక్కలు, మాటలు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారాల్లో ఆరేళ్ళలోపు పిల్లలకు క్రెష్ ఉండాలని నిర్దేశించింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలకు క్రెష్ తప్పనిసరి చేసింది. పొలంలో కూలి చేసే స్త్రీ ఈ రెండింటి పరిధిలోకీ రాదు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీని ఊరూరికీ తెచ్చింది. అయితే మూడేళ్ళలోపు పిల్లలకు అక్కడ అందేది ప్రధానంగా ఇంటికి తీసుకుపోయే పోషకాహారం. తల్లి పొలంలో ఉన్నంతసేపూ బిడ్డ ఉండే చోటు కాదు.

ఈ నేపథ్యంలో 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలులోని ఒక నిబంధన సాహిత్య విద్యార్థికి కూడా ఆసక్తికరమైనది. పనిచోటికి వచ్చిన ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, ఆపైన ఉంటే, వచ్చిన స్త్రీలలో ఒకరిని వారిని చూసుకోవడానికి నియమించాలని, ఆమెకు కూలి ఇవ్వాలని అది చెప్పింది. మట్టి తవ్వే స్త్రీ పేరున్న మస్టర్‌లోనే ఉయ్యాల ఊపే స్త్రీ పేరూ ఉంటుంది. జోలపాటను శ్రామిక గేయంగా గుర్తించడానికి ఇంతకంటె సూటి ఆధారం అక్కర్లేదు.

భాష మాత్రం ఇంకా పాత చోటే ఉంది. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేదాన్ని జీతం అనరు, ‘గౌరవ వేతనం’ అంటారు. వాత్సల్యం అన్న మాట జోలపాటకు చేసినదాన్నే ఈ మాట ఆమె పనికి చేస్తున్నది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు సమ్మెకు దిగినప్పుడు వేతనం పెంపు వారి ప్రధాన డిమాండ్లలో ఒకటి. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం వేతనం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించగా, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఇంట్లోవారి సంరక్షణలో ఆ సంఖ్యలు 134, 76. గణాంక శాస్త్రం ఈ నిమిషాలను లెక్కించడం మొదలుపెట్టింది.

విమర్శలోనూ ఈ దిశగా అడుగులు లేకపోలేదు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ తన పేరే మరచిపోయిన స్త్రీని చూపాక ఇంటిపనిని మునుపటిలా చదవడం సాధ్యం కాలేదు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ కవిత ప్రసవాన్ని మాతృత్వ మహిమ నుంచి శరీర వేదనకు తెచ్చింది. అయితే ప్రసవం తరువాత బిడ్డ బడికి వెళ్ళేవరకు ఉండే ఐదారేళ్ళ శ్రమను ఈ చూపుతో చదవవలసిన పాత వాఙ్మయం ఇంకా చాలా ఉంది.

ముగింపు

జోలపాటను శ్రమగా గుర్తిస్తే అందులోని ప్రేమ తగ్గుతుందన్న ఆక్షేపణ రావచ్చు. నాట్ల పాటను శ్రామిక గేయం అన్నందువల్ల దాని అందం తగ్గలేదు. పైగా ఎవరు, ఏ కష్టంలో పాడారో తెలిసి ఆ అందం పెరిగింది. జోలపాటకూ ఆ న్యాయం జరగాలి.

ఇందుకు వర్గీకరణలో ఒక గడి మార్చడం మాత్రమే చాలదు. సేకరణ పద్ధతి మారాలి. ముద్రితమైన జోలపాటల సంకలనాల్లో చాలావాటిలో పాట పాఠం ఉంటుంది కాని, పాడిన వ్యక్తి తల్లో, అమ్మమ్మో, అక్కో తెలియదు. క్షేత్ర పరిశోధకులు ఇకపై జోలపాటతోపాటు మూడు వివరాలు నమోదు చేయడం అవసరం: ఉయ్యాల ఊపినది ఎవరు, ఆ సమయంలో తల్లి ఏ పనిలో ఉంది, బిడ్డ నిద్రపోయాక పాడినవారు ఏ పనికి లేచారు. మూడో ప్రశ్న అడగగలిగిన తరం ఇంకా పల్లెల్లో ఉంది.