ముప్పది దినముల ఇంగ్లీషు: గంటల లెక్క

హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి వెంబడి నున్న జగ్గయ్యపేట, నందిగామ పట్టణములు కృష్ణా మెట్టకు ముఖ్య కేంద్రములు. 2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. డిగ్రీ ముగించి నగరములో కొలువు వెదకు యువకులు, ప్రత్తి, మిరప వర్తకులు, సిమెంటు కర్మాగారముల ఉద్యోగులు ఇంగ్లీషు మాటాడుట నేర్వగోరుట సహజము. ఇట్టివారికి తెలుగునాట ఏండ్ల తరబడి వినవచ్చు వాగ్దానము ఒకటి కలదు: ముప్పది దినములలో ఇంగ్లీషు. దీనిని శాస్త్రదృష్టితో పరీక్షించుట అవసరము. ఏలయన, గడువు తీరినను నోరు పెగలనివాడు లోపము వాగ్దానములో గాక తన బుద్ధిలో నున్నదని తలచి చదువు మానుకొనును.

ఏ కొలతకైనను తగిన ప్రమాణము కావలెను. భాషాభ్యాసమునకు దినము సరియైన ప్రమాణము కాదు. గంట కొంత మెరుగు. దినమునకు ఒక గంట చొప్పున 30 దినములకు 30 గంటలే యగును. ఐరోపా వారి ఆరు మెట్ల కొలమానములో మొదటినుండి రెండవ మెట్టు చేరుటకు 180–200, మూడవ మెట్టుకు 350–400 బోధనా గంటలు పట్టునని కేంబ్రిడ్జి పరీక్షాసంస్థ అంచనా. పరిచితమైన విషయములపై తనంతట తాను సంభాషింపగలుగుట ఆ మూడవ మెట్టు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఉద్యోగమునకు చాలునంత తెలుగు నేర్పుటకు అమెరికాలోని ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ వేసిన లెక్క 44 వారములు, 1,100 గంటలు. జగ్గయ్యపేట వయోజనుడు బడిలో కొంత ఇంగ్లీషు చదివియే యుండును గనుక అతనికి తక్కువ గంటలు చాలవచ్చును. కాని ఆ చదువు కంటికి అలవాటైనంతగా చెవికి అలవాటు కాలేదు.

అమెరికాలోని సెంటర్ ఫర్ అప్లైడ్ లింగ్విస్టిక్స్ 2007లో వయోజనుల మౌఖిక పరీక్షా ఫలితములను తరగతి గంటలతో పోల్చి చూపినది. గంటలు హెచ్చినకొద్దీ వినుటలో, మాటాడుటలో పై మెట్టెక్కినవారి పాలు హెచ్చినది. ఈ ఫలితము విలువైనదే. అయినను దానిని యథాతథముగా ఇచటికి తేరాదు. ఎక్కువకాలము తరగతిలో నిలిచినవారు మొదటినుండియు ఎక్కువ పట్టుదల, తీరిక గలవారై యుండవచ్చును. రెండు విషయములు జంటగా కనిపించినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమని తేల్చరాదు. పైగా అమెరికాలో తరగతి వదలిన విద్యార్థికి బస్సులో, అంగడిలో, పనిచోట ఇంగ్లీషు వినబడును. నందిగామలో తరగతి వదలినవానికి వినబడునది తెలుగే.

గంటల లెక్కలో మరియొక లోపము కలదు. తరగతిలో కూర్చున్న కాలము వేరు, మాటాడిన కాలము వేరు. నలుబదిమంది గల తరగతిలో గంటసేపు పాఠము జరిగినదనుకొందము. అందు అరగంట ఉపాధ్యాయుడే మాటాడినచో, మిగిలిన 30 నిమిషములలో ఒక్కొక్కరికి 45 సెకనులు వచ్చును. ముప్పది దినములకు అది ఇరువదిరెండున్నర నిమిషములు! అదే అరగంటలో విద్యార్థులు ఇద్దరిద్దరుగా సంభాషించినచో ఒక్కొక్కరికి దినమునకు 15 నిమిషములు, నెలకు ఏడున్నర గంటలు దక్కును. కాలము మారలేదు, అభ్యాసము ఇరువది రెట్లయినది. వినుట మాత్రము ఇట్లు పంచుకొనవలసినది కాదు. ఉపాధ్యాయుడు ఇంగ్లీషులో పలికినది నలుబదిమందికిని సమానముగా చేరును. పాఠమంతయు తెలుగులోనే వివరించినచో ఆ లాభమును పోవును.

చెవికి కాలమెందుకు కావలెను? తెలుగు అజంత భాష. అందుచేత ‘బస్’ మన నోట ‘బస్సు’, ‘బుక్’ మన నోట ‘బుక్కు’ అగును. తెలుగువాడు ప్రతి అక్షరమును ఇంచుమించు సమానముగా పలుకును. ఇంగ్లీషువాడు ఒక అక్షరమును ఊని, తక్కినవానిని మ్రింగును. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరముపై నుండగా, ‘ఫోటోగ్రఫీ’లో రెండవదానిపైకి జరుగును. ఈ సూత్రము చెప్పుటకు అయిదు నిమిషములు చాలును; చెవి దానిని పట్టుకొనుటకు నెలలు పట్టును. మరపు తొలి దినములలోనే వేగముగా సాగునని ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రయోగములతో చూపెను. కనుక ముప్పదియొకటవ దినమున అభ్యాసము ఆగినచో నేర్చిన కొద్దిపాటియు నిలువదు.

కాబట్టి రాత్రి తరగతులలో చేరువారు గడువెన్ని దినములని గాక, తమలో ఒక్కొక్కరు ఎన్ని నిమిషములు మాటాడుదురో ముందుగా విచారింపవలెను. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులును ఈ లెక్కను తమ తరగతిలో గడియారము పెట్టి సరిచూచుకొనవచ్చును. నెల దాటినను మాట రానివాడు మందమతి కాడు. అతనికి చాలనిది బుద్ధి కాదు, గంటలు.