నీటిని నిలపాలి, నీటికి దారీ ఇవ్వాలి

భరణి కురిస్తే ధరణి పండుతుందని రైతుల మాట. ఆ భరణి కార్తెలో, అంటే ఏప్రిల్ చివర, మే మొదట్లో పడే వాన మనకు కొత్తది కాదు. ఒకటి రెండు జల్లులు పడి, దుక్కికి పదునిచ్చి, మామిడికాయలు నాలుగు రాల్చి వెళ్ళిపోయేది. ఇప్పుడు ఆ వాన అలా వెళ్ళిపోవడం లేదు. 2025లో నైరుతి రుతుపవనాలు మే 24కే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదటిసారి. రోళ్ళు పగిలే ఎండ కాయాల్సిన రోహిణి కార్తెలో మొక్కల మొదళ్ళలో నీళ్ళు నిలిచాయి.

పెరట్లో కూరగాయలు పెంచేవారికి ఇలాంటి వేసవి పెద్ద పరీక్ష. ఎండాకాలానికని లోతుగా తీసిన పాదులో వాననీరు నిండి వేరు కుళ్ళుతుంది. వాన పడింది కదా అని నీళ్ళు మానేస్తే నాలుగు రోజుల ఎండకే తీగ వాడిపోతుంది. ఎండకు తోలు బిగిసిన టమాటా ఒక్కసారిగా నీరు తాగి పగులుతుంది. వేసవి దుక్కిలో ఎండి చావాల్సిన తుంగ గడ్డలు చల్లగా బతికిపోతాయి.

దీనికి తోడు నీరు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. అనంతపురంలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కోనసీమలో అంతకు దాదాపు రెట్టింపు పడుతుంది. పైగా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలయ్యే కాలువలున్నాయి. ఆ కాలువలు కూడా వేసవిలో మరమ్మతుల కోసం కట్టేస్తారు. తెలంగాణ చెలకల్లో పొద్దున పోసిన నీరు సాయంత్రానికి కనిపించదు. నల్లరేగడిలో ఒక్క గట్టి వాన పడితే వారం దాకా అడుగు పెట్టలేం. అందుకే నీళ్ళు ఎప్పుడు, ఎన్ని పోయాలన్న ప్రశ్నకు అన్ని చోట్లకూ సరిపోయే జవాబు ఉండదు. మన పాత తోటమాలులు ఆ జవాబు కోసం వెతకలేదు. నీరు ఎక్కువైనా తక్కువైనా మొక్కను నేలే కాచుకునేలా ఆ నేలను తీర్చిదిద్దారు. ఆ పనితనం విలువ ఇప్పుడు మనకు బాగా తెలిసివస్తోంది.

పాదు తీయడంలో ఉన్న నేర్పు

పాదు అంటే మొక్క చుట్టూ గుంట అనుకుంటారు చాలామంది. చేయి తిరిగినవాళ్ళు తీసే పాదు చూడండి. కాండం దగ్గర మట్టి ఎత్తుగా ఉంటుంది, దాని చుట్టూ వలయంలా పల్లం, పల్లానికి బయట గట్టు. నీరు ఆ పల్లంలోనే తిరుగుతుంది, కాండాన్ని తాకదు. చెట్టు కొమ్మలు ఎంత మేర నీడ పరుస్తాయో, నీరు పీల్చే సన్నవేళ్ళు ఎక్కువగా ఆ అంచు దగ్గరే ఉంటాయి కనుక చెట్టు పెరిగేకొద్దీ పల్లాన్ని బయటికి జరుపుతూ పోతారు. నల్లగొండ బత్తాయి తోటల్లో రెండు వలయాల పాదులు చేయడానికి కారణం ఇదే. మొదలు దగ్గర తడి నిలిస్తే బత్తాయికి బంకతెగులు పట్టుకుంటుంది. లోపలి వలయం ఆ తడిని కాండం దగ్గరికి రానివ్వదు.

వాన ముంచుకొచ్చే సూచన కనబడగానే ఇదే పాదుకు నేల వాలు వైపున్న గట్టులో ఒక గండి కొడతారు. వాన వెలిశాక ఆ గండిని పూడుస్తారు. పార పట్టుకుని రెండు నిమిషాలు చేసే పని ఇది. బొప్పాయికి మాత్రం ఆ రెండు నిమిషాలే ప్రాణం, ఎందుకంటే మొదలు దగ్గర ఒకటి రెండు రోజులు నీళ్ళు నిలిస్తే ఆ చెట్టు ఇక కోలుకోదు.

ఆకుకూరలకు, నారుకు కూడా ఈ జాగ్రత్తే. ఎండాకాలంలో నేలకంటే కాస్త పల్లంగా ఉండే మడి, వానలకు జానెడు ఎత్తు మడిగా మారుతుంది. మిరప, వంగ, టమాటా నారు ఎత్తు మడిలో పోస్తే నారుకుళ్ళు తగ్గుతుంది. బీర, సొర, కాకర, పొట్ల పందిరికెక్కడం కూడా చోటు కలిసిరావడానికి మాత్రమే కాదు. ఎత్తున గాలి ఆడే చోట వానతడి తొందరగా ఆరి ఆకుకు బూజు తెగులు తగ్గుతుంది. కాయ బురదకు తగలదు. ఎండాకాలంలో ఆ పందిరి కిందే అల్లం, పసుపు, కరివేపాకు మొలకలకు నీడ దొరుకుతుంది. ఒక్క పందిరి రెండు కాలాలకూ పనికొస్తుంది.

దొరువు: ఇసుకలో తీపినీరు

బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో ఇంకో విద్య ఉంది. అక్కడ భూమిలో లోతున ఉన్నది ఉప్పునీరు. వాన కురిసినప్పుడు ఇసుకలోకి ఇంకిన మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కనుక దానిమీద పొరగా నిలుస్తుంది. ఆ పొర అందేదాకా మాత్రమే తవ్వి, ఒడ్లు ఏటవాలుగా తీర్చిన గుంటను దొరువు అంటారు. రెండు చేతులా రెండు బిందెలతో మనిషి ఆ వాలు మీదుగా దిగుతాడు, ముంచుకుని ఎక్కుతాడు, నారుమళ్ళ మధ్య నడుస్తూ జల్లులా పోస్తాడు. ఇసుక నీటిని నిలుపుకోదు కనుక కొద్దికొద్దిగా, తరచూ పోస్తారు.

ఈ పనిలో కష్టం ఎంత ఉందో వివేకమూ అంతే ఉంది. ఆశకొద్దీ లోతుగా బోరు దింపి మోటారుతో తోడితే మంచినీటి పొర పలచబడి కింది ఉప్పునీరు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన నీటితో కూరగాయలు పండవు. దొరువు దగ్గర మనిషి తన బిందెతో తోడేది ఆ పొర భరించగలిగినంతే. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ పాత పద్ధతి సూత్రాన్నే తీసుకుని మెరుగుపరిచారు. నేలలో అడ్డంగా, చిల్లులున్న గొట్టాలు వేసి, పైపొర నీటిని మాత్రమే మెల్లగా ఒక బావిలోకి చేర్చి తోడుకునే ఏర్పాటు చేశారు.

మెడదాకా పాతిన కుండ

నీటి కరువున్న ప్రతి పెరటికీ నేను మొదట చెప్పేది కుండ గురించి. ఈ పద్ధతి మన ఒక్కరిదే కాదు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి చైనా వ్యవసాయ గ్రంథం ఫాన్ షెంగ్‌జీ షులోనూ దీని వివరం ఉంది. కావలసింది మెరుగు పూత లేని మామూలు మట్టికుండ, ఎనిమిది పది లీటర్లు పట్టేది. తాగే నీళ్ళను చల్లబరిచే కుండే ఇక్కడా పనికొస్తుంది. కొనేముందు నీళ్ళు పోసి కొన్ని గంటలు ఉంచండి. బయట చెమ్మ పట్టిందంటే అది మంచి కుండ.

కుండకంటే కాస్త వెడల్పుగా గుంట తవ్వి, తవ్విన మట్టిలో చివికిన పెంట కలపాలి. కుండను గుంటలో దించి, అంచు నేలకు రెండు వేళ్ళు పైన ఉండేలా చూసుకుని, చుట్టూ మట్టి నింపి చేత్తో గట్టిగా అదమాలి. ఈ అదమడమే ముఖ్యం. కుండకూ మట్టికీ మధ్య ఖాళీ మిగిలితే చెమ్మ మట్టికి అందదు. నీళ్ళు నింపి, దోమలు చేరకుండా మూత పెట్టి, జానెడు దూరంలో చుట్టూ బీర, దోస, గుమ్మడి, వంగ వంటివి నాటుకోవచ్చు. ఎండను బట్టి మూడు నుంచి ఆరు రోజులకొకసారి నింపితే చాలు. వేళ్ళు చెమ్మను వెతుక్కుంటూ వచ్చి కుండను వలలా అల్లుకుంటాయి.

కుండ గొప్పతనమంతా దాని సన్నని రంధ్రాల్లోనే ఉంది. చుట్టూ ఉన్న మట్టి ఎండినప్పుడు చెమ్మను లాగుతుంది, కుండ నీరు బయటికి వస్తుంది. వాన పడి మట్టి తడిసిందంటే ఆ లాగుడు తగ్గి కుండ ఊరడం దాదాపు ఆగిపోతుంది. ఎవరూ కుళాయి తిప్పనక్కర్లేదు, ఎవరూ ఆకాశం వైపు చూడనక్కర్లేదు. వానలు పడే వేసవికి ఇంతకంటే తగిన సాధనం నాకు తెలియదు. బోరునీటిలో ఉప్పు ఎక్కువైతే కొన్ని పంటలయ్యేసరికి రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు తీసి, నానబెట్టి, పీచుతో రుద్ది మళ్ళీ పాతుకోవాలి.

నేలకు కప్పు

ఎండలో తడి ఆరకుండా, వానలో మట్టి కొట్టుకుపోకుండా చూసేది ఆకులు, గడ్డి, పొట్టు వంటివాటి కప్పు. దీనికి కొనాల్సిన సరుకేమీ లేదు. రాయలసీమలో వేరుశనగ పొట్టు, డెల్టాలో వరిగడ్డి, కోనసీమలో కొబ్బరి డొక్కలు ఉంటాయి. డొక్కలను చెట్టు చుట్టూ కందకంలో, లోపలి పక్క పైకి వచ్చేలా పరిచి మట్టి కప్పుతారు. నానిన డొక్క తన బరువుకు మూడు నుంచి ఐదు రెట్ల నీటిని పట్టి ఉంచి, ఎండ రోజుల్లో వేళ్ళకు కొద్దికొద్దిగా ఇస్తుంది. తెలంగాణలో చెరువు పూడిక మట్టిని చెలకలకు తోలడం వెనకా ఇదే ఆలోచన ఉంది. ఆ ఒండ్రు కలిసిన ఎర్రనేల తడిని ఇంకో నాలుగు రోజులు నిలుపుకుంటుంది.

పట్నంలో మిద్దె తోట పెంచేవారికీ ఈ విద్య పనికొస్తుంది. సంచికి అడుగున రంధ్రాలు, పైన ఎండుటాకుల కప్పు రెండూ ఉండాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వేసవి వాన 2,000 లీటర్లు ఇస్తుంది. గొట్టం కింద ఒక పీపా పెట్టుకుంటే, ఒక్క జల్లులోనే అది నిండి కొన్ని రోజుల తోట నీళ్ళు చేతికొస్తాయి.

కార్తెల లెక్క తప్పుతోంది కనుక పాత పద్ధతులకు కాలం చెల్లిందని కొందరంటారు. ఎప్పుడు విత్తాలన్న లెక్క మారుతున్న మాట నిజం. పదమూడు, పద్నాలుగు రోజుల కార్తెను నమ్ముకుని విత్తే రోజులు పోతున్నాయి. నేలలో నీరు ఎలా నడుస్తుందన్నది మాత్రం మారలేదు. పాదు, పందిరి, కుండ, డొక్క అన్నీ ఆ నడక తెలిసినవాళ్ళు చేసినవి. అందుకే ఇవి పంచాంగం తప్పినా పని చేస్తాయి.

వీటిని నిలుపుకోవాలంటే ముందు వీటిని తెలిసినవాళ్ళను గౌరవించాలి. దొరువు తీసే మనిషికి, కుండ చేసే కుమ్మరికి పని దొరకాలి. ప్రతి బడితోటలో ఒక కుండ పాతి, దాని చెమ్మ ఎంతదూరం పోతుందో పిల్లల చేతనే కొలిపించాలి. ఏ ఊరి పద్ధతిని ఆ ఊరి నేల మీదే నేర్చుకోవాలి, పక్క ఊరి నేల అడిగేది వేరని కూడా తెలుసుకోవాలి. ఈ వేసవిలో వాన ఎంత పడుతుందో మన చేతిలో లేదు. పడిన ప్రతి చినుకును ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో తేల్చుకోవడం మాత్రం మన చేతిలోని పనే.