తక్కెడ దగ్గర దేవుడు

దేవుడికి దగ్గర కావడం ఎలా అన్న ప్రశ్నకు యూదుల గ్రంథాలు చెప్పే జవాబుల్లో నన్ను ఎక్కువగా పట్టి ఆపేది ఒక అంగడి నియమం. దుకాణదారు కొలపాత్రలను వారానికి రెండుసార్లు, తూకపు రాళ్లను వారానికోసారి శుభ్రం చేయాలనీ, తక్కెడను మాత్రం తూచిన ప్రతిసారీ తుడవాలనీ క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది. ఇందులో మోసగాడి ఊసే లేదు. పాత్ర అడుగున జిడ్డు పేరుకుంటే కొన్నవాడికి ఆ మేరకు సరుకు తగ్గుతుంది. అమ్మినవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. అలా తెలియకుండా తగ్గే పిసరుకు సైతం అతనే జవాబుదారీ. దీన్ని వట్టి వ్యాపార చట్టం అనుకోవడానికీ లేదు. పవిత్రంగా ఉండమన్న ఆజ్ఞతో మొదలయ్యే లేవీయకాండం 19వ అధ్యాయం చివరికి చేరేది న్యాయమైన తక్కెడ దగ్గరికే. పోయిన మనిషిని పైలోకంలో అడిగే మొదటి ప్రశ్న ఇచ్చిపుచ్చుకోవడాల్లో నమ్మకంగా నడిచావా అన్నదేనని, మిష్నాపై సాగిన చర్చల గ్రంథం తాల్ముద్ అంటుంది. శాస్త్రం చదివావా అన్నది ఆ తర్వాతే.

నాస్తికుడు కూడా సరిగ్గా తూచగలడు కదా, ఇందులో దేవుడెక్కడ అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దేవుడి గుడారంలో ఉండదగినవాడెవడో చెప్పే 15వ కీర్తనలో, మనసులోనూ నిజమే పలికేవాడన్న గుణానికి తాల్ముద్ రవ్ సఫ్రా అనే పండితుణ్ణి చూపిస్తుంది. ఆయన కథను తాల్ముద్ వ్యాఖ్యాత రాషి చెప్పాడు. సఫ్రా షెమా ప్రార్థనలో ఉండగా ఒకడు వచ్చి సరుకుకు ధర చెప్పాడు. జవాబు రాకపోయేసరికి చాలలేదనుకుని పెంచాడు. ప్రార్థన ముగించి సఫ్రా మొదటి ధరే తీసుకున్నాడు, మనసులో దానికి అప్పటికే ఒప్పుకున్నాడు గనుక. ఆ ఒప్పుకోలు కొన్నవాడికి తెలియదు, ఏ న్యాయస్థానమూ అడగదు. దాన్ని విన్నవాడు ఒక్కడే ఉన్నాడు. నా దృష్టిలో సాన్నిహిత్యమంటే ఆ ఎరుకే. అలాగని ప్రార్థన అక్కర్లేదనే వాదన ఇక్కడ నిలవదు. బేరం కోసం సఫ్రా దాన్ని మధ్యలో ఆపలేదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది: నిత్యం తన గుణాన్నే తరచి చూసుకునేవాడు తనలోనే కూరుకుపోడా? 1808లో మెనాహెమ్ మెండెల్ లెఫిన్ ప్రచురించిన పుస్తకం 13 గుణాలను వారానికొకటి చొప్పున ఏడాదికి నాలుగు చుట్లు సాధన చేయమంది. 19వ శతాబ్దపు లిథువేనియాలో ముసర్ అనే నైతిక సాధన ఉద్యమాన్ని నడిపిన ఇశ్రాయేల్ సలాంతర్ ఆ పుస్తకాన్ని ఆదరించాడు. తనలో కూరుకుపోయే ప్రమాదం నిజంగానే ఉంది. కానీ సలాంతర్ గురించి చెప్పుకునే ఒక సంగతి చూడండి. భోజనానికి ముందు ఆచారంగా చేతులు కడిగేటప్పుడు ఆయన నీళ్లు చాలా పొదుపుగా వాడేవాడట. ఎక్కువ నీళ్లు పోసుకోవడం ఎక్కువ భక్తి కాదా అంటే, ఆ నీళ్లు దూరం నుంచి మోసుకొచ్చేది పనిమనిషి అన్నాడట.