బోధనకు ఇతరం

జూన్ 30 వచ్చిందంటే మన జిల్లాలో శాలువాలకి గిరాకీ. ఒక తరం పిల్లల్ని బడిలో వేసినప్పుడు పుట్టినరోజు ఎప్పుడని మేస్టరు అడిగితే తండ్రులు ఆకాశంలోకి చూశారు. ఆయన జూలై 1 అని రాసేసుకున్నారు. ఆ రాత పుణ్యమా అని ఇప్పుడు ఊరికి నలుగురు ఒకే సాయంత్రం రిటైరవుతున్నారు. ఈ వారం నేను వెళ్లిన సభలో ఇద్దరున్నారు. ఒకరు నాకు డిగ్రీలో చరిత్ర చెప్పిన మేస్టారు. రెండో ఆయన అదే కాలేజీలో గంట కొట్టిన అటెండరు, మా అందరికీ బాబాయ్. కాలేజీ పేరెందుకు గానీ, బొబ్బిలి నుంచి బస్సెక్కి భోజనాల వేళకి తిరిగి రాగలిగినంత దూరం.

మేస్టారికి రెండు గంటల ప్రసంగాలు, అద్దం కట్టించిన సన్మానపత్రం. బాబాయ్ వంతు వచ్చేసరికి వెనక వరసల్లో పులిహోర వాసన తగిలింది. పది నిమిషాల్లో కానిచ్చేశారు. అదీ సరే, లోకరీతి. నాకు కాలింది ఫ్లెక్సీ చూసి. మేస్టారి బొమ్మ కింద ఆయన చదువులన్నీ ఉన్నాయి. బాబాయ్ బొమ్మ కింద ఒకటే మాట: 'బోధనేతర సిబ్బంది'.

ఈ మాటతో నా పేచీ పాఠకులకి కొత్త కాదు. ఆ మధ్య దీని మీదే రాస్తే ఒక తెలుగు లెక్చరరు గారు సంధి విడగొట్టి మరీ ఉత్తరం రాశారు. సంధి నాకూ తెలుసండీ. మనిషి చేసే పని చెప్పకుండా, చెయ్యని పని పేరు పెట్టి పిలవడం ఏం మర్యాదని నా బాధ. పెళ్లిలో సన్నాయి ఊదేవాణ్ణి 'పురోహితేతరుడు' అంటామా?

మైకు నా చేతికి కూడా వచ్చింది. పాత విద్యార్థిని, పైగా పేపర్లో రాస్తానాయె. ముందుగానే అనుకుని వెళ్లాను, బోధనకీ ఇతరానికీ మధ్య ఉన్న ఈ గీత చెరిపేసి రావాలని. గురజాడ నుంచి ఎత్తుకున్నాను. 1887లో విజయనగరం మహారాజా కాలేజీలో లెక్చరరు అయ్యేముందు ఆయన డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కు. అంటే అప్పారావుగారూ కొన్నాళ్లు ఫైళ్ల మధ్య 'ఇతరుడే'. కొంచెం నవ్వారు.

తర్వాత పర్లాకిమిడి వెళ్లాను. గిడుగు రామమూర్తి గారు అక్కడి రాజావారి బడిలో, తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పేవారు. 1911లో రిటైరయ్యారు. జీతం చరిత్రకి, ప్రాణం సవర భాషకి. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక దుబాసీని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది, 1938లో నిఘంటువు. పుస్తకాల మీద గిడుగు పేరుంది. ఆయనకి ఒక్కో మాటా పలికి వినిపించిన ఆ దుబాసీ ఏ కాలేజీ రిజిస్టరులో ఏ గడిలో పడతాడు? ఈ ప్రశ్న అడిగి కాసేపు ఆగాను. ఆగినప్పుడు చప్పట్లు కొడతారని నా ఆశ. పులిహోర గిన్నెల చప్పుడు వినిపించింది.

అయినా వదల్లేదు. విజయనగరం సంగీత కళాశాలకి వచ్చేశాను. ఇక్కడికొస్తే నాకు ఒళ్లు తెలీదు, మీకు తెలుసు. 1919లో పెట్టినప్పుడు ప్రిన్సిపాలు మన బలిజిపేట పక్క అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్ చెప్పడానికి పాతికేళ్లు దాటిన కుర్రాడు ద్వారం వెంకటస్వామి నాయుడు. అలాంటి చోటికి సంగీతం నేర్చుకుంటానని ఘంటసాల చేతిలో పైసా లేకుండా వచ్చాడు. పాట పట్రాయని సీతారామశాస్త్రి గారు చెప్పారు, మన సాలూరు చినగురువుగారు. మరి తిండి? జోలె పట్టుకుని మధుకరానికి వెళితే ఊళ్లో ఇల్లాళ్లు పెట్టారు. ఏ గడప దగ్గర పప్పన్నం, ఏ గడప దగ్గర నిన్నటి చారు, ఎవరు విసుక్కున్నారు, ఎవరు రేపూ రా నాయనా అన్నారు, ఎవరికీ లెక్క లేదు. ఆ కాలేజీకి బోధనేతర సిబ్బంది ఎవరయ్యా అంటే సగం విజయనగరం అన్నాను. ఈసారి నిజంగానే చప్పట్లు కొట్టారు.

ఆ ఊపులో బాబాయ్ దగ్గరికి వచ్చాను. వేపచెట్టుకి వేలాడే రైలుపట్టా ముక్క, చేతిలో ఇనప బోల్టు. మేస్టారు బొబ్బిలి యుద్ధం చెప్పే రోజు మాకు పండగ. 1757 జనవరి 24, బుస్సీ ఫిరంగులు, కోట పడిపోవడం, అక్కడివరకూ పుస్తకం. ఆ తర్వాత రాజాం నుంచి పాపారాయుడు బయల్దేరతాడు. చీకట్లో విజయరామరాజు డేరా దగ్గరికొచ్చి, తెర ఎత్తబోయేసరికి పీరియడ్ అయిపోయే టైము. కానీ గంట మోగేది కాదు. రెండు నిమిషాలు ఆలస్యమయ్యేది, ఏటేటా, ఆ ఒక్క పాఠానికే. కిటికీ బయట బోల్టు పట్టుకుని బాబాయ్ నిలబడి ఉండేవాడు. "ఆ రెండు నిమిషాల పాఠం ఈయన చెప్పినట్టే. ఈయనా మాకు గురువే" అని ముగించాను. నాకే కళ్లు చెమర్చాయి.

భోజనాల దగ్గర బాబాయ్ ఆకు నా పక్కనే. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అలగనేసినావేటి బాబూ" అన్నాడు మెల్లిగా. "నానెప్పుడు పాఠం సెప్పినాను? గంట కొట్టడం నాకొచ్చు. పాఠం నాకు రాదు. రాని పనికి శాలువా కప్పేస్తే వొచ్చిన పని ఎవులు సూస్తారు?"

వచ్చిన పని ఏమిటో చెప్పమన్నాను. చెప్పాడు, పెరుగన్నం దాకా. తూర్పు గాలి వానలో సైన్సు బిల్డింగుకి గంట వినబడదట, అప్పుడు పట్టా రెండో వైపుకెళ్లి కొట్టాలి. పరీక్ష రోజున మొదటి దెబ్బ మెత్తగా పడాలి, హాల్లో పిల్లలు ఉలిక్కిపడితే రాసింది మర్చిపోతారు. ఎవరైనా పోతే సంతాపసభకి కొట్టే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి తీసి వదిలేంత ఎడం. ఇంటికి పంపించే లాంగ్ బెల్లు ఒక్కటే చెయ్యి అలిసేదాకా. "ఇదంతా ఒక్కలన్నా అడిగినారేటి?" అన్నాడు. మూడేళ్లు ఆ గంట వింటూ చదివినవాణ్ణి, నేనూ అడగలేదు. ఇప్పుడు కరెంటు బెల్లు పెట్టారు. ఆదివారం కూడా మోగుతుందట.

వీణ లేకుండా ఒక్క వారం రాయలేవా అని గొల్లపల్లి మిత్రుడు దెప్పుతుంటాడు. ఈ వారం తప్పించుకుందామనుకున్నాను, కుదరలేదు. గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి ఇళ్లలో ఒకే పనసదుంగని తొలిచి వీణ చేస్తారు. వాళ్లని ఎవరూ వైణికేతరులు అనరు. మీరూ వైణికులేనండీ అని పొగిడితే మొహం చూసి నవ్వుతారు. దుంగ తట్టి ఏది పలుకుతుందో, ఏది పలకదో వాళ్లు చెబుతారు, విద్వాంసుడు చేతులు కట్టుకుని వింటాడు. నేను మైకులో చేసొచ్చింది గీత చెరపడం కాదు. గీత ఎక్కడుందో అక్కడే ఉంచి, బాబాయ్‌ని ఈవలి నుంచి ఆవలికి లాగాను. ఆవలిదే గొప్ప అని నేనూ ఒప్పుకున్నట్టే కదా. ఫ్లెక్సీ రాసినవాడికీ నాకూ తేడా లేదు, వాడు రెండు మాటల్లో తేల్చాడు.

చెయ్యి కడుక్కునే చోట మేస్టారు కలిశారు. ఆ ఆలస్యం సంగతి మీకు తెలుసా అని అడిగాను.

"తెలీకపోవడమేమిటి! గంట కొట్టడనే ధైర్యంతోనే కదా పాపారాయుణ్ణి డేరా బయట అంతసేపు నిలబెట్టేవాణ్ణి" అన్నారు.

వెనకే వచ్చిన బాబాయ్ ఆ మాట విని నిలబడిపోయాడు. "మరి నానేటనుకున్నాను? మేస్టారు ఇంకా తెర ఎత్తలేదు గదా, ఎత్తనీ అని ఆపుకున్నాను."